మాట మోసిన లాలంబీ

ఏటికి వంతెన లేని రోజులు. పుట్టి ఎక్కి ఏరు దాటే రోజులు. అప్పటి సంగతి ఇది, కూర్చుని వినండి.

ఎర్రదిన్నెలో లాలంబీ అనే ముసలామె ఉండేది. దూది ఏకేది, పరుపులు కుట్టేది. ఊరంతటికీ సాయిబుల ఇల్లు ఆమెదొక్కటే. మసీదు ఏటి అవతల పట్నంలో ఉంది.

ఒకనాడు మనవడు మౌలాలి ఏడుస్తూ వచ్చాడు.

"జేజీ, పిల్లకాయలంతా వాళ్ల దేవుడికి పాటలు పాడినారు. మీ దేవుడికి నువ్వేం చెప్తావురా అని అడిగినారు. నాకేమీ రాలేదు."

లాలంబీ ఏకుతున్న దూది పక్కన పెట్టింది. ఆమెకూ రాదు. చిన్నప్పుడు నేర్చింది ఎప్పుడో మరిచిపోయింది.

కొడుకు ఖాదర్‌వలి అన్నాడు: "ఈడుంటే వీడు ఎటూ కాకుండా పోతాడమ్మా. ఇల్లు అమ్మి పట్నం పోదాం."

"పుట్టిన ఊరు వదలాల్నా? ఉండు నాయనా. నేను పోయి తెస్తా."

శుక్రవారం ఏరు దాటింది. నమాజు అయ్యాక మసీదు మెట్ల దగ్గర మౌల్వీ సాబుని అడిగింది. ఆయన ఖురాను మొదటి సూరాలోంచి, అంటే మొదటి అధ్యాయంలోంచి, ఒక్క వాక్యం పలికించి, అర్థం చెప్పాడు. ఆ మాట నోట్లో పెట్టుకుని బయల్దేరింది.

దారిలో బండి తోలే గిడ్డయ్య కనబడ్డాడు. "ఏమత్తా, పట్నం పోయినావా?"

"పోయినా నాయనా."

అంతే. మాట జారిపోయింది.

రెండో శుక్రవారం మళ్లీ పోయింది. మాట నోట్లో పెట్టుకుని బయల్దేరింది. ఊరి మొదట్లో ఎదురింటి ఓబులమ్మ ఆపింది. "వదినా, మా పరుపు ఎప్పుడు కుడతావు?"

"రేపు కుడతాలే."

అంతే. మాట జారిపోయింది.

మూడో శుక్రవారం పెదవులు బిగించుకుని వచ్చింది. గిడ్డయ్య పలకరించాడు. పలకలేదు. ఓబులమ్మ పలకరించింది. పలకలేదు. "ఏమి ఇంత పొగరు!" అని ఓబులమ్మ వెంటబడి ఇంట్లోకే వచ్చేసింది.

లాలంబీ మనవణ్ణి కూర్చోబెట్టి మాట చెప్పింది. వాడు అన్నాడు. మళ్లీ చెప్పింది. మళ్లీ అన్నాడు. ఈసారి తప్పు రాలేదు. అప్పుడు ముసలామె కళ్లు తుడుచుకుని ఓబులమ్మ చెయ్యి పట్టుకుంది.

"కోపం చేసుకోవద్దు వదినా. నోట్లో మా వాడి మాట ఉండె. నోరు తెరిస్తే పడిపోతాదని పలకలేదు."

"ఏందంట ఆ మాట?"

మౌలాలి చెప్పాడు: "దేవుడు ఒక్క ఊరికే కాదంట అవ్వా. లోకాలన్నిటికీ ఆయనేనంట."

ఓబులమ్మ వాడి తల నిమిరింది. "ముందే చెప్పింటే నేనే నోరు మూసుకుందును కదా," అంది.

ఊరికి ఆమే చెప్పింది. ఆపై శుక్రవారం గిడ్డయ్య బండి పక్కకి తీసి, ఎద్దుల మెడగంటలు చేత్తో పట్టుకున్నాడు. ఆడుకునే పిల్లలు ఆట ఆపారు. లాలంబీ పెదవులు కదుపుతూ వాళ్ల మధ్యనుంచి నడిచిపోయింది. అట్లా ఎన్నో శుక్రవారాలు. మౌలాలికి సూరాలు వచ్చాయి, నమాజు వచ్చింది. ఖాదర్‌వలి ఇల్లు అమ్మే మాట మానేసి, కొడుకు వెనక కూర్చుని తనూ నేర్చుకున్నాడు.

మౌలాలికి మీసాలు వచ్చిన ఏడు, వానాకాలంలో లాలంబీ కన్నుమూసింది. ఏరు నిండుగా పారుతోంది. పుట్టి కదల్లేదు. మౌల్వీ సాబు వచ్చే దారి లేదు.

"అమ్మను సాగనంపే జనాజా నమాజు ఎవరు చేయిస్తారు?" అని ఖాదర్‌వలి తల పట్టుకున్నాడు.

"నేను చేయిస్తా నాయనా," అన్నాడు మౌలాలి. "జేజి తెచ్చిచ్చిందే కదా."

ముందు అతను నిలబడ్డాడు. వెనక తండ్రి ఒక్కడే. ఆ వెనక, కొంచెం ఎడంగా, ఊరంతా నోరెత్తకుండా నిలబడింది.

ఇప్పటికీ ఎర్రదిన్నెలో ఏ పిల్లయినా, ఏ ఇంటి బిడ్డయినా, పాఠమో పద్యమో సూరానో గొణుక్కుంటూ దారిన వస్తే ఎవరూ పలకరించరు. బండ్లు పక్కకి జరుగుతాయి. తెలియక ఎవరైనా నోరు తెరిస్తే పెద్దవాళ్లు చెయ్యి అడ్డం పెడతారు.

"ష్... లాలంబీ మాట మోస్తాంది" అంటారు.