తాయమ్మ కూతలో లేని ‘ట’

ఆ ఏడు ఎండలు ఎలా కాశాయంటే, కాకి ఎగరబోతే దాని నీడ “నువ్వు పోయిరా తల్లీ, నేనిక్కడే కూర్చుంటా” అని చెట్టు మొదట్లో చతికిలబడేది. వాగులు ఎండాయి, గుంటలు ఎండాయి, ఆఖరికి మొసలి కన్నీళ్లు కూడా ఎండిపోయాయి. అడవి మొత్తానికి నీళ్లు మిగిలింది ఏనుగుమడుగులో ఒక్కచోటే. చీమ దగ్గర్నుంచి అడవిదున్న దాకా ఎవరికి దాహమేసినా అక్కడికే రావాలి. ఆ సంగతి పులికీ తెలుసు.

అందుకే మడుగు ఒడ్డున తాయమ్మ కాపలా ఉండేది. తాయమ్మ తీతువు పిట్ట. పుల్లల్లాంటి పసుప్పచ్చ కాళ్లు, నిద్ర మొహం ఎరగని కళ్లు. మగడు కిందటేడు డేగ పాలయ్యాక ఆ కళ్లకి రెప్ప వాల్చే తీరిక కూడా పోయింది. పులిని చూస్తే కూయడం ఆమె కొలువు. దున్నలు నీళ్లలో దిగి బురద తొక్కితే పైకి తేలే పురుగులు ఆమె జీతం.

ఆ కొలువుకో పద్ధతి ఉంది. గడ్డి కదిలితే గాలేమోనని ఆగాలి. చార కనిపిస్తే ఎండుటాకేమోనని ఆగాలి. కంటితో చూశాకే నోరు తెరవాలి. “టిట్టిటీ! టిట్టిటీ!” కూత నిండా టకారాలే గాని, మాటలో మాత్రం ‘ట’ ఉండదు. ‘పులి వచ్చిందట’ అని కాదు, ‘పులి వచ్చింది’ అనే దాని అర్థం. ఆ కూత వింటే అడవి అడవంతా నోట్లో గుక్క నోట్లోనే ఉంచుకుని పరుగు. కూత వినపడకపోతే కళ్లు మూసుకుని నిమ్మళంగా తాగడమే.

ఒడ్డున గులకరాళ్ల మధ్య తాయమ్మ నాలుగు గుడ్లు పెట్టింది. తీతువుకి గూడుండదు, కప్పుండదు. గుడ్లవీ రాళ్ల రంగే, రాళ్ల మచ్చలే. పెట్టిన తాయమ్మే ఓ రోజంతా రాయిని పొదిగి, “ఇంకా వెచ్చబడదేమిటే నీ ఒళ్లు” అని దాన్ని తిట్టిపోసింది. గుడ్ల దగ్గరికి ఎప్పుడూ నేరుగా వెళ్లేది కాదు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు, ఏమీ ఎరగనట్టు ఓ పురుగుని ఏరుకుని, ఎవరూ చూడటం లేదన్నాక చప్పున కూర్చునేది. అది వాళ్లమ్మ నేర్పిన విద్య.

ఆ ఏడే మడుగు పక్క బూరుగుచెట్టు మీదికి గోరింకలు మకాం మార్చాయి. చెట్టుకి ఆకులు మొలవడానికి చోటు లేనన్ని గోరింకలు! విన్నది అనడమే వాటి పని. ఒకటి, “నెమలికి ఈక రాలిందట” అంటే రెండోది “ఈకలు రాలాయట” అనేది. మూడోది ‘ట’ కూడా మింగేసి “నెమలి బోడిదైపోయింది!” అని అరిచేది. ఆ కబురు విని నెమలే లగెత్తుకొచ్చి మడుగులో తన తోక చూసుకుని, ఉందని తేలాక కూడా అనుమానంగానే వెళ్లింది.

అయినా ఆ చెట్టు కింద జాతరే జాతర. దుప్పులు తల పైకెత్తి నీళ్లు తాగడం నేర్చుకున్నాయి. సగం ముక్కులోకి పోయినా సరే, కబురు పోకూడదు.

ఓ నాడు దున్నల పెద్ద సూరన్న తాయమ్మ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

“ఏమే తాయమ్మా, నువ్వు కూసేసరికి పులి వచ్చి, తిని, తేన్చి, మళ్లీ ఆకలేసి వస్తోందే!”

“చూసి కూస్తున్నా పెదనాయనా.”

“చూడ్డానికి అంతసేపా? గోరింకలు చూడకుండానే చెప్పేస్తున్నాయి!”

“అదేగా నా గోల.”

“నీ గోల నువ్వే పడు. మావాళ్లంతా ఆ చెట్టు కిందే ఉంటున్నారు. ఇక్కడ తొక్కే కాళ్లు లేకపోతే నీకు పురుగులెక్కడివి? కాలాన్ని బట్టి పోవాలి. ఓ చెవి అటు పడెయ్యి.”

తాయమ్మకి వాదించే ఓపిక లేదు. కాళ్లు పీకుతున్నాయి, కళ్లు మండుతున్నాయి, కడుపు వీపుకి అంటుకుంది. సరేలే అని ఓ చెవి అటు పడేసింది. చెవి వెంట మెడ తిరిగింది, మెడ వెంట చూపు తిరిగింది. గడ్డి వైపు చూసేవాళ్లు లేకపోయారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం చెట్టు మీద గోల లేచింది. “పులి వచ్చిందట! అవతలి గట్టున ఉందట! పులి! పులి!”

తాయమ్మ రెక్క విప్పింది. ఎగిరి చూసొద్దామా? ఈలోగా అందరూ వెళ్లిపోతే ‘తాయమ్మ మళ్లీ ఆలస్యం’ అంటారు. అన్ని నోళ్లు అంటున్నాయంటే ఒక్క కన్నయినా చూసి ఉండదా? నోరు తెరిచి కూసేసింది.

ఇంకేముంది, మడుగు మడుగంతా కాళ్లకి బుద్ధి చెప్పింది. ఆ ఎండలో ఆ పరుగుకి ఓ ముసలి దుప్పి నోరెండి సొమ్మసిల్లింది. సూరన్న పైకి చెప్పలేదు గాని, ముళ్లకంపలో పడి లేచాడు. తీరా చూస్తే అవతలి గట్టున పులీ లేదు, పులి మీసమూ లేదు.

“ఎవరే చూసింది?” అని తాయమ్మ గోరింకల పెద్ద రత్తాలుని నిలదీసింది.

“నాకు పిగిలిపిట్ట చెప్పిందక్కా.”

పిగిలిపిట్టని అడిగితే కుందేలు చెప్పిందంది. కుందేలు చెవులు దించుకుని నసిగింది. “పొద్దున నువ్వు గొంతు సవరించుకున్నావు కదత్తా. పులిని చూసే కూయబోయి ఆగావనుకున్నా…”

“నా గొంతులో దోమ పడిందే!”

తన దగ్గే చెట్టంతా తిరిగి, పులై తన చెవిలోకే వచ్చింది. దాన్ని తనే మళ్లీ కూసింది! తాయమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండింటికీ ఓపిక లేక ఊరుకుంది.

“గోరింకలనేం లాభం?” అన్నాడు సూరన్న, వీపులో ముళ్లు పీకించుకుంటూ. “అవి ‘ట’ అన్నాయి, మేం కదల్లేదు. నువ్వు కూశావు, పరిగెత్తాం. ఇక నీ కూతా ఆ లెక్కలోదే.”

ఆ మాట తాయమ్మకి ముల్లు కన్నా లోతుగా దిగింది.

ఇదంతా తంగేడు పొద చాటు నుంచి కొండల్రావు చూస్తున్నాడు. కొండల్రావు నక్క. గుడ్ల కోసం వెతికి వెతికి ఒడ్డున ఉన్న ప్రతి గులకరాయికీ వాడి ముక్కు తెలిసిపోయింది గాని, గుడ్లు మాత్రం దొరకలేదు. ‘ఇది చెవితో నడవడం మొదలెట్టింది. ఇక నేను వెతకడమెందుకు, అదే చూపిస్తుంది’ అనుకుని బూరుగుచెట్టు కిందికి వెళ్లాడు.

“రత్తాలూ, నీకు తెలియనిదేముందిలే. పాపం, తాయమ్మ గుడ్లు పాము మింగేసిందట కదా? తనే చెప్పుకుని ఏడ్చిందట!”

రత్తాలుకి ఆ ముక్క అప్పుడే తెలిసింది. అయినా తడుముకోకుండా, “నాకు నిన్ననే తెలుసు బావా” అంది.

వాడు పొద చాటుకి తిరిగి చేరేలోపే పరామర్శలు మొదలయ్యాయి. ముందు ఓ ఆడదుప్పి వచ్చింది. “ఎంత కష్టం వచ్చింది తాయమ్మా!”

“నాకేమొచ్చింది?”

“గుడ్లు పాము మింగిందట కదా.”

“ఎవరే చెప్పింది?”

“నువ్వే చెప్పావట!”

“నేనా? నేనెప్పుడు చెప్పానే?”

పైనుంచి రత్తాలు జాలిగా తల ఊపింది. “మొహమాటమైతే చెప్పొద్దులే అక్కా. మాకు అర్థమవుతుంది.”

పొద్దునే కదా గుడ్లు చూసుకుంది. చూసుకుంది గాని, మండే కళ్లతో చూసుకుంది. చెట్టు నిండా అదే మాట, ఒడ్డు నిండా అదే మాట, ఆఖరికి కప్ప కూడా “అయ్యో తాయమ్మా” అని మునిగింది. ‘పొద్దున నే చూసింది నాలుగు గుడ్లనా, నాలుగు రాళ్లనా?’ ఆ అనుమానం పుట్టాక ఇక కాళ్లు ఆగలేదు. అటు తిరగలేదు, ఇటు తిరగలేదు, పురుగుని ఏరలేదు. తాయమ్మ నేరుగా గుడ్ల వైపు పరుగెత్తింది.

సగం దూరం పోయాక తన నీడ పక్కన ఇంకో నీడ కనిపించింది. దానికో గుబురు తోక ఉంది. పాము కబురు ఎవరి నోట పుట్టిందో అప్పుడర్థమైంది.

గుడ్లు ఇంకో పది బారల్లో ఉన్నాయి. తాయమ్మ ప్రాణాలన్నీ గొంతులోకి తెచ్చుకుని కూసింది. “టిట్టిటీ! టిట్టిటీ!”

ఒడ్డున ఉన్నవాళ్లంతా తలెత్తారు. ఆమె వైపు కాదు, చెట్టు వైపు.

“ఏంటట?” అన్నాయి దుప్పులు.

“ఏమో, ఆ కబురు మాకింకా రాలేదు” అన్నాయి గోరింకలు.

“మళ్లీ దోమ పడిందేమో!” అని ఎవరో కిసుక్కున నవ్వారు. అందరూ తాగడంలో మునిగిపోయారు.

ఇన్నాళ్లు అందరి కోసం కూసిన గొంతు, తన కోసం కూస్తే పనికిరాలేదు. ఏడవడానికి వేళ లేదు. అప్పుడు వాళ్లమ్మ విద్య గుర్తొచ్చింది. తాయమ్మ చటుక్కున పక్కకి తిరిగి, వట్టి రాళ్ల మీద కూలబడి, రెక్కలు పరిచి శోకాలు మొదలెట్టింది. “నా బంగారు కొండలారా! నా నలుగురూ! మీ మీద ఈగ వాలనివ్వనర్రా!”

కొండల్రావు గాల్లోకి లేచాడు. ఆమె ఇలా ఎగిరింది, వాడు అలా దిగి నోటినిండా కొరికాడు. ఆ ఫెళఫెళ పక్క జిల్లా దాకా వినిపించింది. ముందు పళ్లు రెండూ రాళ్లలో కలిసిపోయాయి.

“ఏం బావా, ఉప్పు సరిపోయిందా?” అంది తాయమ్మ పైనుంచి.

“మోసం!” అన్నాడు వాడు, మూతి పట్టుకుని. “గుడ్లు ఇక్కడే ఉన్నట్టు ఏడ్చావు కదే!”

“గుడ్లు పాము మింగేసిందన్నావుగా. మింగినవి ఇక్కడెందుకుంటాయి?”

“నేనెప్పుడన్నాను?”

“అన్నావట” అంది తాయమ్మ. పుట్టి బుద్ధెరిగాక ఆమె నోట ‘ట’ రావడం అదే మొదలు.

సాయంత్రానికి చెట్టు మీద కొత్త కబురు. “తాయమ్మ గుడ్లు నక్క తినేసిందట! పెంకులతో సహా నమిలేసిందట!” కాదని కొండల్రావు అనలేడు, నోరు తెరిస్తే బోసి బయటపడుతుంది. కాదని తాయమ్మ అనవచ్చు. అబద్ధం అలా వదిలేయడం ఆమెకి గొంతులో ఎముకలా ఉంది. కానీ గుడ్లు పోయాయని అందరూ అనుకున్నన్నాళ్లూ వాటి కోసం ఎవరూ వెతకరు. పైగా దిద్దినా ఎవరు వింటారు? అలసిపోయి, గుడ్ల మీద కూర్చుని, ఆ పూటకి నోరు మూసుకుంది.

కొన్నాళ్లకి నాలుగు పిల్లలు రాళ్లలోంచి లేచి, పుల్ల కాళ్లేసుకుని తల్లి వెనకే మడుగు ఒడ్డుకి వచ్చాయి.

“పాపం, కడుపు కోత తట్టుకోలేక ఎవరి పిల్లల్నో తెచ్చి పెంచుకుంటోందట” అంది రత్తాలు.

సూరన్న చెట్టు వైపు తలెత్తాడు. మెడ నొప్పెట్టిందో, వీపులో మిగిలిపోయిన ముల్లు గుర్తొచ్చిందో, తల కిందికి దించాడు. కాళ్ల దగ్గర నాలుగు మచ్చల ముద్దలు, అచ్చు తాయమ్మ కళ్లతో ఆయన్నే చూస్తున్నాయి.

“ఇవి నీవేనా తాయమ్మా?”

“నువ్వే చూసుకో పెదనాయనా. నేను చెబితే మళ్లీ ఎవరో దానికి ‘ట’ తగిలిస్తారు.”

సూరన్న చాలాసేపు చూశాడు. తర్వాత నీళ్లలో దిగి బురద తొక్కాడు. పురుగులు తేలాయి, పిల్లలు ఎగబడ్డాయి. తాయమ్మ మాత్రం తినలేదు. గడ్డి వైపు తిరిగి నిలబడింది.

తంగేడు పొద చాటున కొండల్రావు, తినని గుడ్లకి తిట్లు తింటూ, బోసినోటితో రేగుపళ్లు చప్పరిస్తున్నాడు.

‘ట’ అని విన్నదాన్ని చెవి దగ్గరే ఆపాలి. కాలైనా, కూతైనా కన్ను చూశాకే కదలాలి.