గట్టిమేళం ఆగిన పెళ్ళి

అనగనగనగా, వాగులు దాటి వంకలు దాటి వెళ్తే, బూరలపాడు అని ఓ ఊరు. బూరెలపాడు కాదురా పండూ, నీకెప్పుడూ తిండి గోలే. బూరలు. నోటితో ఊదే ఇత్తడి బూరలు. చిన్న బూర, పెద్ద బూర, సాగదీసి మడిచే బూర, ఏనుగు తొండంలా చుట్టుకున్న బూర. ఊ కొట్టండి మరి. ఊ లేకపోతే నాకు కథ సాగదు, సాగితే ఆగదు, అది వేరే సంగతి.

ఆ ఊరికో రాజు, విజృంభ భూపతి. రాజుకో మీసం, మీసానికి తగ్గ గొంతు, గొంతుకి తగ్గ కోపం. ఆ రాజుకో బ్యాండుమేళం. మేళానికో మేస్త్రీ, గవరయ్య. మేళానికి వచ్చిన పాటలు మూడంటే మూడే. పెళ్ళికొకటి, దేవుడి ఊరేగింపుకొకటి, చావుకొకటి. పాటలు మూడైనా దరువొకటే. దూరం నుంచి వింటే పెళ్ళివారు వస్తున్నారో, పాడె వస్తోందో, దగ్గరికెళ్ళి పూలు చూస్తే గాని తెలిసేది కాదు.

గవరయ్యకో కోడలు. పేరు మంజువాణి. ఆ పేరు పెట్టినవాళ్ళు పిల్ల మాట్లాడకముందే పెట్టేశారు పాపం. కాలేజీలో వక్తృత్వ పోటీలన్నీ ఆమెవే. ఏంటే నీలూ? రాజుల కాలంలో కాలేజీలెక్కడివా? నా కథలో ఉన్నాయి. లేని కథ కావాలంటే నువ్వు చెప్పు, నేను ఊ కొడతా.

పులుసులో ఉప్పు తగ్గిందే అమ్మీ అని అత్తగారు పైడమ్మ అంటే చాలు, మంజువాణి కొంగు దోపుకుని లేచి నిలబడేది. అధ్యక్షా అని మొదలెట్టేది. ఉప్పు తగ్గిందన్న ఆరోపణలో పస లేదనేది, ఉప్పు తగ్గించడం ఆరోగ్యమనేది, అసలు ఉప్పన్నదే పాలకులు ప్రజల మీద రుద్దిన అలవాటనేది. ఆఖరికి పైడమ్మ గరిటె తీసుకుని గంగాళం మీద ఠంగున కొట్టేది. పోటీల్లో టైమైపోతే గంట కొడతారుగా, అదన్నమాట. గంట వింటే మంజువాణి ఠక్కున కూర్చునేది. మొగుడు సింహాద్రి చిన్న బూర వాయించేవాడు. ఇంట్లో అతను నోరు తెరిచేది దానికొక్కదానికే. చుక్కల కాగితం చదవడం మొగుడి దగ్గరే నేర్చుకుంది. నేర్చుకున్న నెలకల్లా మొగుడి తప్పులు దిద్దడం మొదలెట్టింది.

చుక్కల కాగితమంటే? పాటని కాగితం మీద అయిదు గీతలు గీసి, వాటి మీద చుక్కలు పెట్టి రాస్తారు. బట్టలారేసే తీగల మీద పిచ్చుకలు కూర్చున్నట్టుంటుంది. ఏ పిచ్చుక ఏ తీగ మీదుంటే ఆ స్వరం ఊదాలి.

ఇలా ఉండగా, రాజుగారి నడిపి కూతురు మృణాళిని పట్నంలో చదువు ముగించి ఇంటికొచ్చింది. వచ్చీ రాగానే పెళ్ళి కుదిరింది. నా పెళ్ళిలో ఆ పాత డబడబలు వద్దు నాన్నగారూ, రాక్ వాయించాలి, ఇప్పటి పాటలు వాయించాలి అని పట్టుపట్టింది. రాక్ అంటే రాయి అని ఎవరో చెప్పారు మంత్రిగారికి. ఆయన హడలిపోయి పెళ్ళిపందిట్లో ఉన్న రాళ్ళన్నీ ఏరించి ఊరవతల పోయించాడు. అలాంటి మంత్రి, అలాంటి రాజ్యం.

రాజుగారు గవరయ్యని పిలిపించి, కూతురు తెచ్చిన ట్రంకు పెట్టె అతని ముందు పడేశాడు. దాన్నిండా చుక్కల కాగితాలే. ఇందులోంచి ఒక పాట ఏరండి, తాళి కట్టేవేళ అది మోగాలి అన్నాడు. చేతకాకపోతే బూరలు కోటలో అప్పజెప్పి పొండి, పక్క రాజ్యం నుంచి పాటల పెట్టె తెప్పిస్తాను, మీట నొక్కితే పాడుతుంది, విస్తరి అడగదు అన్నాడు.

గవరయ్య ఇంటికొచ్చి గుమ్మంలోనే చతికిలబడ్డాడు. బూరలు కోటవి. అవి పోతే మేళం లేదు, మేళం లేకపోతే పన్నెండిళ్ళ పొయ్యి లేదు. తాతల నాటి నుంచి ఊదడమే గాని ఆ ఇళ్ళలో ఎవరికీ నాగలి పట్టడం తెలీదు.

"మావయ్యా, పాట నేను ఏరతాను" అంది మంజువాణి.

గవరయ్య పెళ్ళాం వంక చూశాడు. పైడమ్మ గరిటె వంక చూసింది.

మంజువాణి కాగితాలన్నీ చావట్లో పరిచింది. ఒక్కో పాటకీ అనుకూలంగా లేచి నిలబడి వాదించింది, మళ్ళీ కూర్చుని లేచి ప్రతికూలంగా వాదించింది. గెలిచిందీ తనే, ఓడిందీ తనే, చప్పట్లు కొట్టుకున్నదీ తనే. చివరికి అన్నిట్లోకీ నల్లగా ఉన్న కాగితం పట్టుకుంది. ఎన్ని చుక్కలో. గీతలు కనబడనన్ని చుక్కలు. చుక్కలెక్కువుంటే సంగీతమెక్కువని తీర్మానం చేసేసింది. అందులో పనంతా గిటారుదే. బూరలపాడు ఊళ్ళో గిటారే లేదు. ఆ మాత్రానికే ఆగుతుందా? గిటారు పరుగులన్నీ తీసి పెద్ద బూరకి రాసిచ్చింది. పెద్ద బూర ఊదేది ఎర్రయ్య తాత. మేళంలో అందరికంటే పెద్దవాడు, నోట్లో ఉన్న పళ్ళలో ఒక్కటీ సొంతం కాదు.

సాధన మొదలైంది. ఊ కొట్టండి, ఇక్కడ పడిపోతారు. చిన్న బూర పరుగెత్తింది. చిన్న బూరని పట్టుకోబోయి సాగే బూర పరుగెత్తింది. సాగే బూర మోచెయ్యి తగిలి డోలు దొర్లింది. డోలు మీద తాళాలు పడ్డాయి. తాళాల మధ్యన ఎర్రయ్య తాత పళ్ళసెట్టు పడింది. టంగుమంది.

పాట బాలేదనుకుంటుందా మంజువాణి? లోపం పాటలో లేదు, పట్టుదలలో ఉందని ఉపన్యాసం అందుకుంది. మార్పుని చూసి జంకే జాతి చరిత్రలో మిగల్లేదంది. ఊదడమంత తేలిక పని లేదంది. ఎవరూ అడక్కుండానే, రుజువు చేస్తానని పెద్ద బూర తనే ఎత్తుకుని, రొమ్ము నిండా గాలి పీల్చి ఊదింది.

దూడ తప్పిపోయిన గేదె అరిచినట్టొచ్చింది ఒక్క కూత. అంతే. కళ్ళు బైర్లు కమ్మి దొర్లిన డోలు మీదే కూలబడింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే తిరిగి వాదించేది, నవ్వకపోయేసరికి ఆ దారీ మూసుకుపోయింది. నోరు తెరిస్తే వచ్చేదంతా గాలే అని ఊరంతా అంటారు నన్ను, ఒక్క బూరకి సరిపడా గాలి కూడా లేదే నా దగ్గర అనుకుంది. అనుకుంటే తనకే నవ్వొచ్చింది. నవ్వితే ఇంకా కళ్ళు తిరిగాయి.

మర్నాడు కాగితాలు పక్కన పెట్టి, మనుషుల దగ్గర కూర్చుంది. ఎంత పైకి పోగలవు, ఎంతసేపు పట్టగలవు, ఎక్కడ ఊపిరి కావాలి అని ఒక్కొక్కళ్ళనీ అడిగింది. అడిగి, నమ్మరు గానీ, జవాబు వింది. చిన్న బూర మరీ పైకి పోతే పిల్లి అవుతుంది. సాగే బూరకి సాగడానికి వ్యవధి కావాలి. ఎర్రయ్య తాతకి రెండు అంగలకో గుక్క గాలి కావాలి. ఇదంతా బుర్రలో పెట్టుకుని మళ్ళీ వెతికితే ఓ పల్చటి పాట చేతికొచ్చింది. పాడేవాళ్ళ గొంతు ఎక్కడ తిరుగుతుందో చిన్న బూరా అక్కడే తిరగొచ్చు. బరువంతా డోలు మోస్తుంది. రాకుమారి స్నేహితులందరికీ నోటికొచ్చిన పాట. పైగా అక్కడక్కడా టోపీ గుర్తు. టోపీ కనబడితే ఊదకూడదు, ఆగాలి. అందరూ ఊపిరి పీల్చుకోవచ్చు. ఇక పాట చివర్లో ఉందమ్మా అసలు సంగతి. మేళమంతా ఒక్కసారి ఆగిపోవాలి. నాలుగు దెబ్బల కాలం చీమ చిటుక్కుమనకూడదు. మంజువాణి ఎత్తిన చెయ్యి దించగానే అందరూ కలిసి ఢామ్మని పడాలి.

సాధన కుదిరింది. ఆగి పడినప్పుడల్లా గుండె ఝల్లుమనేది. ఎర్రయ్య తాత కూడా పళ్ళు జారకుండా పడేవాడు. గవరయ్య కాలు దానంతటది దరువేసింది. ఆ కాలికి అరవయ్యేళ్ళొచ్చాయి, అప్పటిదాకా దరువెయ్యడమే ఎరగదు.

పెళ్ళిరోజు వచ్చింది. పందిరి నిండా జనం. మీకో సంగతి చెప్పాలి. తాళి కట్టేటప్పుడు పంతులుగారు వేలు తిప్పి, గట్టిమేళం గట్టిమేళం అంటారు చూశారా, ఎందుకంటారు? ఆ ఘడియలో ఎవరైనా తుమ్మినా, చెడ్డమాట అన్నా పెళ్ళికూతురి చెవిన పడకూడదని. అందుకని ఎంత చప్పుడు చెయ్యగలిగితే అంత చప్పుడు చెయ్యాలి. ఆగనే కూడదు. పుట్టి బుద్ధెరిగిన ప్రతివాడికీ తెలిసిన సంగతే. గవరయ్యకి తెలుసు, సింహాద్రికి తెలుసు. మరి ఆగే పాటని తాళి దగ్గర ఎలా పెట్టారర్రా అంటే, ఏం చెప్పను? పాట కుదిరిందన్న సంబరంలో పెళ్ళి సంగతే మర్చిపోయారు.

పాట చివరికొస్తుండగా పంతులుగారు గట్టిమేళం అన్నారు. బూరలు హోరెత్తాయి. పెళ్ళికొడుకు మొదటి ముడి వేశాడు. రెండో ముడికి దారం తిప్పాడు. అప్పుడొచ్చింది ఆ చివరి టోపీ. మంజువాణి చెయ్యి పైకి లేచింది. మేళం ఠక్కున ఆగింది.

ఆ నిశ్శబ్దంలో ఒక ఏడుపు.

మామూలు ఏడుపా? గొంతెత్తి, వెక్కివెక్కి. "నువ్వెళ్ళిపోతే పొద్దున్నే నాతో ఎవరు పోట్లాడతారే, నా మిన్నూ" అంటూ.

అందరూ తలలు తిప్పారు. రాజుగారు. మీసాలు తడిసిపోయి, ముక్కు ఎర్రబడి, చిన్నపిల్లాడిలా. ఆయనకదే అలవాటట. పెద్ద కూతురి పెళ్ళిలోనూ గట్టిమేళం కింద నక్కి ఇలాగే భోరుమన్నాడు, బూరల హోరులో పురుగుకి కూడా వినబడలేదు. ఈసారి నమ్మిన మేళం చేతిలోనే దొరికిపోయాడు.

నాలుగు దెబ్బల కాలం దాటింది. ఎనిమిదీ దాటింది. మంజువాణి చెయ్యి దించాలన్న సంగతే మరిచి కొయ్యబారిపోయింది. మేళం ఆ చెయ్యి వంకే చూస్తూ బూరలు పెదాల మీద పెట్టుకుని నిలబడింది. పీటల మీంచి మిన్నూ, అదే మన రాకుమారి, తండ్రి వంక తిరిగింది. ఆయన ఏడవగలడని ఆమెకీ ఇప్పుడే తెలిసింది. "వారం వారం వస్తాను నాన్నగారూ" అంది మెల్లగా. "పోట్లాటలన్నీ దాచిపెట్టి ఉంచండి."

రాజుగారు చుట్టూ చూశాడు. ఊరంతా తననే చూస్తోంది. సింహాసనం మీంచి లేచాడు.

"ఈ పాట ఏరిందెవరు?"

మంజువాణి గొంతులో వాదాలన్నీ బారులు తీరాయి. అధ్యక్షా, కన్నీరు అశుభమన్నది ఛాందసం. అధ్యక్షా, తండ్రి దుఃఖం దాచుకోవాలన్నది ఎవరి శాసనం? ఒకదాన్ని మించి ఒకటి, దేనికైనా కప్పు ఖాయం. తలెత్తి చూస్తే ఎదురుగా కూతురికి బెంగపెట్టుకున్న ముసలాయన. ఆయన మీద గెలిచి ఏం చేసుకోను అనిపించింది.

"నేనేనండి" అంది. "ఆగే చోటు తాళి దగ్గర పడుతుందని చూసుకోలేదు. తప్పు నాది. మావాళ్ళ బూరలు తీసుకోకండి."

అంతే అంది. పైడమ్మ ఇంకా ఉంటుందేమోనని కాసేపు ఎదురుచూసింది కూడా.

రాజుగారు ముక్కు ఎగబీల్చాడు. "మరి ఆ చెయ్యి పైకెత్తే ఉంచావేం? దించు."

మంజువాణి తన చెయ్యి చూసుకుంది. అయ్యో, అవును కదా అని దించేసింది.

ఢామ్!

చెయ్యి దిగితే పడాలని కదా నేర్పింది. పడ్డారు. పందిరి అదిరింది. మంత్రిగారు రాళ్ళు పడ్డాయని బల్ల కిందికి దూరాడు. ఆ అదురుకే పెళ్ళికొడుకు రెండో ముడీ మూడో ముడీ వేసేశాడు. రాకుమారి పకపకా నవ్వింది. ఆ హోరులో రాజుగారు మిగిలిన ఏడుపు కూడా హాయిగా ఏడ్చేశాడు. ఏడుస్తూ ఏడుస్తూ కాలితో దరువేశాడు.

పాటల పెట్టె రాలేదు. విందయ్యాక రాజుగారు గవరయ్యని పక్కకి పిలిచి, కొత్త పాట బ్రహ్మాండంగా ఉందయ్యా, ఊరేగింపుకి అదే పెట్టు, చిన్నదాని పెళ్ళికి ఇంకోటి ఏరించు అన్నాడు. అని, గొంతు తగ్గించి, తాళి దగ్గర మాత్రం ఆ పాత డబడబే వాయించండి, మధ్యలో ఆగారంటే మాత్రం ఊరుకోను, నాకూ ఓ చాటు ఉండాలి కదా అన్నాడు.

అలా పెట్టెలో పాటలు ఏరే పని మంజువాణికే దక్కింది. ఊదేవాడి ఊపిరి చూసి, మోగే చోటు చూసి ఏరేది. మీరూ పెద్దయ్యాక ఏది ఏరినా ఆ రెండూ చూసుకోండి. ఆమె మారిపోయిందా అంటే, అంత లేదు. మాట మొదలెట్టేముందు ఒక్క టోపీ పెట్టుకునేది, అంతే. తర్వాత షరా మామూలే.

కథేమో కంచి బస్సెక్కింది, మనం దుప్పట్లోకి దూరదాం. పండూ? నీలూ? ఊ ఏదీ?

రాజు ఏడ్చేదాకా అయినా మెలకువగా ఉన్నారా, బూరెల దగ్గరే పడుకున్నారా?