గుండ్రటి గోడ, చిప్పలో నీళ్ళు

"'ఈ పూట మీ కంచె, రేపు పొద్దున మీరు' అని నా మొహం మీదే అంది ఆ నక్క! విన్నావా వదినా? పారిపోదాం పద!"

"నువ్వు పో మరిదీ. పిల్లలకి ఇంకా కళ్ళే తెరుచుకోలేదు. ఎంతమందిని నోట కరుచుకుని పరిగెడతావు?"

చెవులయ్య పిల్లలకేసి చూసి, ఎత్తిన కాలు దించింది. దూదమ్మ పళ్ళు బిగించి, తెగిన కంచెకేసి చూసింది.

బండగుట్ట కింద ఉంది ఆ కుందేళ్ళ గూడు. చుట్టూ పచ్చి తుమ్మకొమ్మలు పాతుకున్నాయి. ముళ్ళు దాటలేని నక్క మేకల్ని పిలుచుకొచ్చింది. "మీకోసమే వడ్డించారు, కానివ్వండి" అంది. మేకలు కంచె మొత్తం నమిలేశాయి. కాపరి కుక్క మొరిగింది కాబట్టి సరిపోయింది, లేకపోతే నక్క ఆ పూటే దూరేది.

"తినేదాంతో కంచె కట్టడం మన బుద్ధితక్కువ. మట్టి తవ్వండి" అంది దూదమ్మ.

తెల్లారేసరికి నాలుగు మూలల గోడ లేచింది. నక్క చూసి, "అబ్బో, కోటే!" అని గేదెల దగ్గరికెళ్ళింది. "అక్కలూ, వీపు దురదా? ఆ మూల చూడండి, మీ కొలతకే కట్టారు."

గేదెలు రుద్దీ రుద్దీ మూల కూల్చేశాయి. కుందేళ్ళన్నీ కలిసి రాళ్ళు దొర్లించి కంత పూడ్చేసరికి నక్క మూతి అక్కడే ఉంది.

"ఇప్పుడైనా పోదామా వదినా?"

"మూలుంటేనేగా రుద్దుకునేది? గుండ్రంగా కట్టు."

గుండ్రటి గోడకి గేదెలు వీపు ఆనించి జారిపోయాయి. ఆ తర్వాత నక్క కనబడ్డం మానేసింది.

"పీడా పోయింది!" అని ఎగిరింది చెవులయ్య.

"పోలేదు. కిందకి దిగింది."

దూదమ్మ కొబ్బరిచిప్పలో నీళ్ళు పోసి గోడ పక్కన నేల మీద పెట్టింది. నీళ్ళు సన్నగా వణికాయి. కింద ఎవరో తవ్వుతున్నారు!

నక్క ఇస్తానన్న జొన్న కంకుల ఆశకి తవ్వుతోంది పందికొక్కు. "ఒక్క పిడికెడు మట్టే మిగిలింది. తోసుకుని పో, నా కంకులు నాకివ్వు" అని అవతలకి తప్పుకుంది. నక్క లొట్టలేసుకుంటూ సొరంగంలో దూరి, మూతితో మట్టి తోసింది.

అవతల ముళ్ళపంది వెనక్కి తిరిగి కూర్చుంది. దూదమ్మే పిలిచింది దాన్ని, చల్లటి కొత్త బొరియ ఇస్తానని.

"అమ్మో, నా ముక్కూ!" వెనక్కి తిరగడానికి చోటు లేదు. నక్క తోక ముందు, తల వెనక, పాక్కుంటూ బయటపడింది.

"ఎవరు నేర్పారే మీకీ తెలివి?"

"నువ్వే బాబూ! మేకలతో ఒకటి, గేదెలతో ఒకటి నేర్పావు. మిగతాది నీ పందికొక్కు తవ్వుడే చెప్పింది, చిప్పలో నీళ్ళని వణికించి."

నక్క ముక్కులోంచి ముల్లు పీక్కుంటూ పోయింది. పోతూ పోతూ తలెత్తి, గోడ మీదకి వాలిన వేపకొమ్మని ఒకసారి చూసింది. దూదమ్మ కూడా చూసింది.

"మరిదీ, కొమ్మ కొరకడానికి ఎవరున్నారో కనుక్కో."

నిన్నటి దెబ్బకి కట్టిన గోడ నిన్నటి దెబ్బనే ఆపుతుంది.

మీ గోడ మీదకి వాలిన కొమ్మని ఎవరు ముందు చూస్తారు, మీరా, మీ నక్కా?