దించిన పల్లకి

సదానందస్వామి ఎవరితోనూ వాదించేవారు కాదు. ఎవరైనా ప్రశ్న వేస్తే, తాను చూసిందో విన్నదో ఒక సంగతి చెప్పేవారు. ఒకనాడు వీరరాఘవుడనే శిష్యుడు ఆయన ముందు కూర్చుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. వెట్టికి రానన్నందుకు అతని అన్నను ఖైదులో పెట్టారు.

“మా వదిన రోజూ వీధివైపు చూస్తూ కూర్చుంటోంది. కర్ర పట్టవద్దంటారు మీరు. ఇలా ఎదురుచూస్తే అన్న వస్తాడా, స్వామీ?”

స్వామి ఇలా చెప్పారు.

మా కొండదారిలో గుర్రాలు నడవవు. దొర ఎక్కడికి వెళ్ళాలన్నా పల్లకీయే. ఒక ఎండాకాలం, జ్వరంతో ఉన్న బోయీ ఒకడు పల్లకి మోస్తూ తూలిపోయాడు. కాస్త దించుతామని తోటివాళ్ళు బతిమాలినా దొర ఒప్పుకోలేదు. ఆ మనిషి దారిలోనే ప్రాణం విడిచాడు. అప్పుడు బోయీల పెద్ద సింహాద్రి పల్లకిని నేలమీద దింపించి, “ఇంక ఎత్తం దొరా” అన్నాడు. మిగిలినవాళ్ళు చేతులు కట్టుకుని అతని పక్కన నిలబడ్డారు. సింహాద్రిని కోటలో ఖైదు చేశారు. పొరుగూళ్ళ నుంచి పిలిపించిన బోయీలు సంగతి విని వెనక్కి వెళ్ళిపోయారు.

సింహాద్రి భార్య పైడమ్మ కట్టెలకు వెళ్ళేటప్పుడు కావాలని కోటగోడ పక్కగా నడిచేది. లోపలినుంచి అతని దగ్గు వినిపిస్తే ఆ పూట అన్నం తినేది. వినిపించకపోతే గోడకు చెవి ఆనించి అక్కడే నిలబడిపోయేది. పడుచువాళ్ళు గొడ్డళ్ళు పట్టుకొచ్చి, పల్లకిని ముక్కలు చేసి దొర సంగతి కూడా తేలుస్తామన్నారు.

“వద్దు నాయనా. పల్లకి పోతే ఇంకోటి చేయిస్తారు. దొర పోతే ఇంకో దొర ఎక్కుతాడు. మనం ఎత్తకుండా ఉంటే చాలు” అని పైడమ్మ వాళ్ళను పంపేసింది.

ఇంతలో తల్లికి జబ్బుగా ఉందని కబురొచ్చి, దొర నడిచే బయలుదేరాడు. దాహమేసి ఊరి చివర పైడమ్మ గుమ్మం ముందు ఆగాడు. ఆమె మంచం వాల్చి, చెంబుతో నీళ్ళిచ్చింది.

ఆయన తాగి, “నీ మొగుడు ఒక్కసారి పల్లకికి భుజమిస్తే సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. నువ్వు చెబితే వింటాడు” అన్నాడు.

పైడమ్మ కళ్ళు నిండాయి. “ఎప్పుడొస్తాడా అని నా ప్రాణం కొట్టుకుపోతోంది దొరా. మొయ్యమని మాత్రం నా నోటితో చెప్పలేను. ఎండగా ఉంది, ఇంకాస్త నీళ్ళు తాగండి.”

దొర రెండో చెంబు అందుకోలేదు. లేచి కొండదారి పట్టాడు.

స్వామి అక్కడితో ఆపారు. వీరరాఘవుడు ఉండబట్టలేక, “మరి సింహాద్రి ఇంటికొచ్చాడా?” అని అడిగాడు.

“వచ్చాడు, వానలు పడ్డాక. దొరే తలుపు తీయించాడు. కాని గుమ్మంలో నిలబడి మొయ్యమని చెప్పలేనన్ననాడు, అతను వస్తాడని పైడమ్మకు తెలియదు” అన్నారు స్వామి.