ఎండుచేపల సందులోంచి

"గురువుగారూ, ఈ వ్యాపారంలో పైకొచ్చినవాళ్ళంతా అన్నిటికంటే ముందు నేర్చుకున్న విద్య ఏదండీ?" అని లోవరాజు అడిగాడు.

అడిగింది కాకినాడలో ఇళ్ళూ స్థలాలూ అమ్మిపెట్టే అచ్యుతరామయ్యగారిని. ఆయన చేతిమీదుగా ఇల్లు కొనుక్కున్నవాళ్ళు, తమ పిల్లలకి ఇల్లు కావలసివస్తే మళ్ళీ ఆయన్నే వెతుక్కుంటూ వస్తారు. వెతుక్కోవడం దేనికంటే ఆయనకి బోర్డు లేదు, ఆఫీసు లేదు. కిళ్ళీకొట్టు పక్కన ఒక బెంచీ ఉంది. ఆ బెంచీ కూడా కిళ్ళీకొట్టువాడిదే. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పే అలవాటు ఆయనకి లేదు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఎక్కడికో బయల్దేరతారు. జవాబు దారిలో దొరికితే దొరికినట్టు, లేకపోతే ఒంటికి నడక మంచిదైనట్టు.

లోవరాజుకి నడిచే తీరిక లేదు. ఈ రంగంలోకి దిగి ఏడాది దాటింది. దిగేటప్పుడు ఏ లోటూ లేకుండానే దిగాడు. నల్లకళ్ళద్దాలు కొన్నాడు, "ప్రాపర్టీ కన్సల్టెంట్" అని బంగారు అక్షరాలతో కార్డులు వేయించాడు, ఫోన్లో వీడియోలు చూసి మెళకువలు వంటబట్టించుకున్నాడు. పార్టీని పేరుపెట్టి మాటిమాటికీ పిలిస్తే దగ్గరితనం పెరుగుతుందని ఒక వీడియోలో చెప్పారు. అలాగే ఓ పెద్దమనిషిని పావుగంటసేపు ఊపిరి తిప్పుకోకుండా పేరుపెట్టి పిలిస్తే, ఆయన కంగారుపడి, "బాబూ, నువ్వు మా పెద్దమ్మాయి అత్తగారి వైపు వాళ్ళబ్బాయివి కాదు కదా?" అని అడిగాడు. ఇన్ని విద్యలూ పెట్టుకుని ఏడాదిలో లోవరాజు అమ్మగలిగింది తన పాత స్కూటరొక్కటే. ఆ బేరం కూడా కొన్నవాడే కుదుర్చుకున్నాడు.

వాళ్ళావిడ అన్నగారు నూకరాజుకి హార్డ్‌వేర్ కొట్టుంది. "కౌంటరు వెనకాల నీకో స్టూలు వేసి ఉంచాను బావా. మేకులు తూచడానికి కన్సల్టెంటు అక్కర్లేదు గానీ, వచ్చావని కాదనం" అని ఆయన మర్యాదగానే అన్నాడు. అంత మర్యాదగా అన్నాడు కాబట్టే లోవరాజుకి రెండు పూటలా అన్నం దిగలేదు. ఆదివారం వాళ్ళింట్లో భోజనాల దగ్గర ఏ సంగతీ తేల్చి చెప్పాలి. ఈలోగా అతని చేతిలో మిగిలింది ఒక ఇల్లు, ఒక పార్టీ.

ఇల్లు బంగారంలాంటిది. సముద్రం వైపు కొత్తగా లేచిన పేటలో, తూర్పు ముఖం, గాలీ వెలుతురూ, పెరట్లో మంచినీళ్ళ బోరు. చూసినవాళ్ళంతా మెచ్చుకునేవారు. రెండ్రోజుల్లో చెప్తామనేవారు. ఆ తర్వాత ఫోనెత్తేవారు కాదు.

కారణం లోవరాజుకి తెలుసు. ఊళ్ళోంచి ఆ పేటకి రెండు దారులున్నాయి. దగ్గరి దారి ఎండుచేపల సందు. అక్కడ పెద్ద ఖాళీస్థలంలో చాపలు పరిచి చేపలు ఎండబెడతారు. పొద్దుటిపూట గాలి అటునుంచి ఇంటివైపే వీస్తుంది. రెండోది చుట్టుదారి: బైపాస్ మీదికెళ్ళి, పూలచెట్ల మధ్య సిమెంటు రోడ్డు పట్టుకుని, పేట అవతలి కొసనుంచి లోపలికి దిగాలి. లోవరాజు ప్రతి పార్టీనీ చుట్టుదారినే, అదీ మధ్యాహ్నం పూటే తీసుకొచ్చేవాడు. కానీ పార్టీలకి ఒక చెడ్డ గుణముంది. నచ్చిన ఇల్లయితే తమంతట తామే ఇంకోసారి చూసుకోవడానికి వస్తారు. అదీ పొద్దున్నే వస్తారు. అదీ దగ్గరి దారిన వస్తారు.

"చెప్పి వస్తే నేనే తీసుకెళ్ళేవాణ్ణి కదండీ" అని లోవరాజు గురువుగారి దగ్గర వాపోయాడు.

ఆయన వక్క నములుతూ అంతా విన్నారు. "పార్టీ ఎప్పుడొస్తోంది?"

"శనివారం మధ్యాహ్నం రెండింటికండీ."

"పొద్దున్న ఏడున్నరకి రమ్మను. నేనూ వస్తాను."

ఏడున్నరంటే ఆ సందులో వాసన నిద్రలేచి ఒళ్ళు విరుచుకునే వేళ. లోవరాజు నోరు తెరిచాడు గానీ, విద్య నేర్పమని తనే అడిగాడు కాబట్టి మళ్ళీ మూసుకున్నాడు.

పార్టీ పేరు వర్ధనమ్మగారు. సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసి ఈమధ్యే రిటైరయ్యారు. క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. సర్వీసంతా ఒకరిచ్చిన గోడల మధ్య బతికిన మనిషి, సొంత గోడకి మేకు కొట్టుకుని చూసుకోవాలని ఆవిడ కోరిక. బ్రోకర్ల వెంట తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకున్నారు. ఎదుటిమనిషి నవ్వుతూ మాట్లాడుతుంటే మాట వినకుండా కళ్ళకింద రంగు చూసే రకం.

శనివారం పొద్దున్న ఆటోలో గురువుగారు డ్రైవరు పక్కన సర్దుకుని కూర్చుని, "ఎండుచేపల సందులోంచి పోనియ్యి" అన్నారు.

"అటొద్దండీ, అటు రోడ్డు..." అన్నాడు లోవరాజు వెనకనుంచి.

"రోడ్డుకేమైంది?"

"రోడ్డు బాగానే ఉందండీ. మిగతాదే..."

గురువుగారు వెనక్కి తిరిగి వర్ధనమ్మగారితో అన్నారు: "అమ్మా, మావాడు అందర్నీ బైపాస్ మీంచి తీసుకొస్తాడు. అది చూడ్డానికి బావుంటుంది. రేపు మీరు కూరల సంచి పుచ్చుకుని ఇంటికొచ్చేది మాత్రం ఈ దారినే."

లోవరాజు ముందుకి వంగి ఆయన చెవిలో, "ఆవిడ ఇక్కడే దిగిపోతే నా గతేమిటండీ?" అన్నాడు.

"దిగితే ఇవాళ దిగుతారు. లేకపోతే సోమవారం ఫోనెత్తరు. ఏది నయమో చూసుకో."

"నాకు వినబడుతోంది బాబూ" అన్నారు వర్ధనమ్మగారు.

సందు వచ్చింది. చాపలమీద నెత్తళ్ళ చేపలు వెండిపొడిలా మెరుస్తున్నాయి. ఆడవాళ్ళు కబుర్లాడుకుంటూ వాటిని తిరగేస్తున్నారు, కాకుల్ని అదిలిస్తున్నారు. వాసన ఆటో ఆపకుండానే ఎక్కి, ఉన్న జాగాలోనే సర్దుకుని కూర్చుంది. వర్ధనమ్మగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. లోవరాజు బయటికి చూశాడు. అతనికి చేపలు కనబడలేదు. రకరకాల సైజుల మేకులు కనబడ్డాయి.

పేటలోకి రాగానే ఆటో ఆగింది. పోయిన పరువు ఇక్కడైనా కూడదీసుకోవాలని లోవరాజు ముందు దూకి, కుడిచేతి వైపు గేటు దగ్గరికి చకచకా నడిచి, జేబులోంచి తాళంచెవి తీశాడు. "రండి వర్ధనమ్మగారూ. ఇదిగో వర్ధనమ్మగారూ, మీ ఇల్లు. తూర్పు ముఖం చూడండి వర్ధనమ్మగారూ" అంటూ తాళంలో చెవి పెట్టి తిప్పాడు. అది తిరగలేదు. నూనె వెయ్యాలనుకుంటూ ఇంకాస్త గట్టిగా తిప్పాడు.

లోపల్నుంచి లుంగీ కట్టుకుని, నోట్లో బ్రష్షుతో ఒకాయన బయటికొచ్చి, కాసేపు ఆసక్తిగా చూశాడు. ఆయన పేరు గవర్రాజు, రైసుమిల్లులో గుమాస్తా.

"ఏం బాబూ, మా గేటుకి మీ తాళంచెవి పట్టకపోతే అది మా తప్పా?" అన్నాడు నోట్లో నురగతోనే.

లోవరాజు ఇంటివైపు చూశాడు, రోడ్డువైపు చూశాడు. ఏడాదినుంచీ చుట్టుదారి కొసనుంచి వచ్చినవాడికి ఇల్లు ఎప్పుడూ కుడిచేతి వైపే ఉండేది. ఈ కొసనుంచి వస్తే అది ఎడమచేతి వైపుంది. తూర్పు ముఖమని అతను చూపించింది పడమటి ముఖాన్ని. అసలు ఇల్లు ఎదుటి వరసలో, ఎండలో, ఇతని కోసం చూస్తున్నట్టుంది.

"మీరమ్మే ఇల్లేదో మీకు తెలీదా?" అన్నారు వర్ధనమ్మగారు.

"తెలుసండీ. ఇటునుంచి ఎప్పుడూ రాలేదండీ. ఈ వాసన మీకు తగలకూడదని అటునుంచే తెస్తానండీ."

పార్టీతో లోవరాజు చెప్పిన మొట్టమొదటి నిజం అది. అదైనా నోరుజారి వచ్చింది. ఇక ఆదివారం దాకా ఎందుకు, ఇటునుంచిటే నూకరాజు కొట్టుకి పోతే ఒకరోజు ముందు చేరినట్టుంటుంది అనుకున్నాడు.

వర్ధనమ్మగారు అతని మొహం కేసి చాలాసేపు చూశారు. తర్వాత, ఎక్కడినుంచి పుట్టిందో గానీ, నవ్వొచ్చింది ఆవిడకి. నవ్వడానికి కొంగు అడ్డు తీశారు. తీసింది మళ్ళీ పెట్టుకోలేదు.

"ఏవండీ, ఈ వాసన రోజంతా ఉంటుందా?" అని గవర్రాజుగారిని అడిగారు.

ఆయన పుక్కిలించి వచ్చి తీరిగ్గా చెప్పాడు. "ఎందుకుంటుందండీ. పొద్దున్న గాలి ఊరివైపునుంచి వస్తుంది కదా, అంతసేపూ మనది. ఎండెక్కాక సముద్రం గాలి తిరుగుతుంది. అప్పట్నుంచీ ఊళ్ళోవాళ్ళది. వానాకాలం ఎవరిదీ కాదు. వచ్చిన కొత్తలో మా ఆవిడ అలిగి పుట్టింటికెళ్ళింది. ఇప్పుడు చుట్టాలొస్తే తప్ప మాకు గుర్తే రాదండీ. ఆయ్, ఒకందుకు మంచిదే. పొద్దుటి కాఫీ కాగానే బయల్దేరిపోతారు." గురువుగారిని చూపించి, "కావాలంటే ఈయన్నడగండి. నిన్న పొద్దున్నంతా మా అరుగుమీదే కూర్చుని వెళ్ళారు" అన్నాడు.

లోవరాజు గురువుగారి వైపు తిరిగాడు. "ఇల్లు అటువైపని మీకు తెలిసీ చెప్పలేదేమండీ?"

"నువ్వంత ధీమాగా నడుస్తుంటే ఆపబుద్ధి కాలేదు" అన్నారాయన.

అసలు ఇంటి తాళం ఒక్క తిప్పుకే వచ్చింది. లోవరాజు తలుపు తీసి పక్కకి తప్పుకున్నాడు. వీడియోల్లో ఇక్కడిదాకా చెప్పలేదు. వర్ధనమ్మగారు ఒక్కరే గదులన్నీ తిరిగారు. కుళాయి తిప్పి నీళ్ళు రుచి చూశారు. వంటింట్లో నిలబడి ఉత్తచేత్తో గరిటె తిప్పినట్టు తిప్పి, మోచెయ్యి గోడకి తగలడం లేదని చూసుకున్నారు. పడగ్గదిలో గోడని అరచేత్తో నిమిరి, ఎక్కడ మేకు కొట్టాలో అక్కడ వేలు ఆన్చి ఒక క్షణం ఉన్నారు. తొందర లేదు, అనుమానం లేదు. తర్వాత వరండాలోకొచ్చి మెట్టుమీద కూర్చుని, "గాలి తిరిగేదాకా ఉందాం" అన్నారు.

ఉన్నారు. గవర్రాజుగారింటినుంచి కాఫీలొచ్చాయి. గురువుగారు గోడకి చేరబడి ఒక కునుకు తీశారు. లోవరాజు మాత్రం ఎదుటింటి దండెం మీద పంచెల్నే చూస్తూ కూర్చున్నాడు. అవి సముద్రం వైపు ఊగుతున్నాయి. పెళ్ళిచూపులప్పుడు లోపలినుంచి కబురు కోసం కూడా అతను అంత ఏకాగ్రతగా కూర్చోలేదు. ఎండ మెట్టెక్కింది. పంచెలు ఊగడం మానేసి కాసేపు నిలువుగా వేలాడాయి. అప్పుడు, ఎవరో అవతలి పక్కనుంచి మెల్లిగా లాగినట్టు, ఊరివైపు తిరిగాయి. ఉప్పుతడితో చల్లటిగాలి వరండాలోకొచ్చింది. పొద్దుటినుంచీ ఆ ముగ్గురితో కలిసి కూర్చున్న వాసన, వెళ్ళొస్తానని చెప్పకుండానే లేచి వెళ్ళిపోయింది.

వర్ధనమ్మగారు గుండెలనిండా ఒకసారి గాలి పీల్చుకున్నారు.

"ఇన్నాళ్ళూ నేను ఇళ్ళు చూళ్ళేదు బాబూ" అన్నారు. "చూపించేవాడు ఏం దాస్తున్నాడో వెతుక్కుంటూ తిరిగాను. నా సర్వీసంతా ఇంతే. నొప్పెక్కడో చెప్పిన రోగి దగ్గర కూర్చుని మిగతాది నిమ్మళంగా చూడొచ్చు. చెప్పనివాడికి ఒళ్ళంతా తడిమి చూడాలి." లేచి చీర దులుపుకుంటూ, "వంటింటి కిటికీకి రెక్క మార్పించండి. అడ్వాన్సు కాగితం సోమవారం రాసుకుందాం" అన్నారు.

సోమవారమనేసరికి లోవరాజు గబుక్కున లేచాడు. "సోమవారం ఫోనెత్తుతారాండీ?"

"నేనే చేస్తాను."

చేస్తారని అతనికి తెలిసిపోయింది. ఎలా తెలిసిందో చెప్పలేడు గానీ, పొద్దుటినుంచీ, అసలు ఏడాదినుంచీ, బిగబట్టి ఉన్నదేదో ఒంట్లోంచి దిగిపోయింది. రేపు బావగారింటికి ఉత్త భోజనానికే వెళ్ళొచ్చు. ఆకలి కూడా వేస్తోందని ఆశ్చర్యపోయాడు.

ఆవిడ ఆటోలో వెళ్ళిపోయాక గురుశిష్యులిద్దరూ సందులోంచే నడిచి వస్తున్నారు. లోవరాజుకి ఇప్పుడు హుషారొచ్చింది, హుషారుతోపాటు సందేహమూ వచ్చింది.

"గురువుగారూ, ఈ ఇంటికి చేపల వాసనుంది కాబట్టి ముందది చూపించాం. బాగానే ఉంది. రేపు నా చేతికి ఏ లోపమూ లేని ఇల్లొకటి వచ్చిందనుకోండి. అప్పుడు ముందు ఏం చూపించాలండీ?"

చాపలమీద చేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళని దాటుతూ అచ్యుతరామయ్యగారు అన్నారు:

"అలాంటి ఇల్లు నీకెవరైనా చూపిస్తే, లోవరాజూ, తొందరపడి అడ్వాన్సు ఇవ్వకు."