ఎనిమిది భోగాల మిట్ట

అనగనగా, మేఘాలు సైతం దారి అడిగి పోవలసినంత దూరాన, శోణగిరి అనే రాజ్యం ఉండేది. దానికి వీరధవళుడు అనే రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి వరిమళ్లు రాసిచ్చాడు, నడిమివాడికి పోకతోట రాసిచ్చాడు, కడగొట్టువాడైన సుకేతుడికి ఇవ్వడానికి ఇంకేమీ మిగలక నక్కలమిట్ట రాసిచ్చాడు. అంతకుముందు ఆ మిట్ట ఎవరిదీ కాదు. అన్నీ రాళ్లే. నక్కలు సైతం విసుగెత్తి దాన్ని విడిచిపోయాయని ఊళ్లో వేళాకోళం.

అలా ఉండగా కరువు వచ్చింది నాయనలారా. ఒక ఏడు వాన లేదు, రెండో ఏడు వాన లేదు, మూడో ఏడు మబ్బు సైతం లేదు. రాజు ఊరూరా బావులు తవ్వించసాగాడు. ఏడు సముద్రాలకు ఆవల కరాళాక్షుడనే మాంత్రికుడున్నాడు. నేల కొంటాడు, వెలగా ధాన్యం ఇస్తాడు. అతని వద్దకు వెళ్లే దళారి పేరు మృదుభాషి. పెద్దవాడు ఆ దళారి చేతనే మళ్లు అమ్మించాడు. వచ్చింది ఒక్క ఓడ ధాన్యం. నడిమివాడు తోట అమ్మించాడు. వచ్చిందీ ఒక్క ఓడే. ఆ రెండోడల గింజలూ నిండుకున్నాయి.

ఒకనాటి ఉదయం రాజు సుకేతుణ్ణి పిలిచి, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు.

"నాయనా, అయిదోడల గింజలు లేనిదే మన జనం వచ్చే తొలకరి చూడరు. ఇక మనకున్నది నీ మిట్టొక్కటే. ఈ లెక్క నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియరాదు."

"అయితే నేనే వెళ్తాను నాన్నగారూ."

అవతల నిలబడ్డ పెద్దన్న ఆ మాట విని నవ్వాడు. "బేరమాడటం రాకుమారుల పనటరా తమ్ముడూ? నోరు తిరగదు నీకు."

"తిరిగిన నోళ్లు తెచ్చింది చూశాం కదా అన్నయ్యా" అన్నాడు సుకేతుడు. 

సముద్రతీరాన ఒక నారాయణపక్షి, అంటే పెద్ద కొంగ, నిలిచి ఉంది. ఆ మిట్ట రాళ్లలో గూడు కట్టుకున్నదే అది. రెక్క విప్పితే పందిరంత ఉంటుంది. "కూర్చో బాబూ, నేను దాటిస్తాను" అంది. ఉప్పు సముద్రం దాటారు. చెరకుపానకపు సముద్రం దాటుతూ పక్షి రెండు గుక్కలు తాగింది. కల్లు సముద్రం మీద మాత్రం "ముక్కు మూసుకో, నేనూ మూసుకుంటాను, లేకపోతే ఇద్దరం ఎటు పోతామో తెలియదు" అంది. నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీటి సముద్రం కూడా దాటారు. ఆ పాలను చూసి, ఆ నేతిని చూసి, ఇంటి దగ్గరి ఒట్టి కుండలు తలచుకుని సుకేతుడికి కళ్లు చెమర్చాయి.

దిగబోతుండగా పక్షి అడిగింది. "నేను చేపను ఎలా పడతానో తెలుసా?"

"ముక్కుతో."

"కాదు. కదలక నిలబడి. ఎవరికి తొందర ఎక్కువో వాళ్లే ముందు కదులుతారు."

కరాళాక్షుని కోట వాకిట వరసగా రాతి మనుషులు నిలిచి ఉన్నారు. ఒకడి నోరు ఏదో అడగబోతున్నట్టు తెరిచే ఉంది. వాళ్ల నడుమ నుంచి మృదుభాషి చేతులు జోడించుకుంటూ వచ్చాడు.

"ఎండన పడి వచ్చారు బాబుగారూ! వీళ్లంతా స్వయంగా బేరానికి వచ్చినవాళ్లే. పొద్దు గుంకేలోగా బేరం తెగకపోతే ఇలా అవుతారు. నా మాట విని బేరమాడే పని నా చేతికి అప్పగించండి."

"వద్దు."

"అయ్యగారి చేయి పట్టుకోవడం ఆషామాషీ కాదు బాబూ."

"వద్దయ్యా."

"పోనీ, మీకు ఎంత వస్తే చాలో అది ఒక్కటి నా చెవిన వేయండి. నేను అటు వైపు నుంచి సర్దుతాను."

సుకేతుడి నాలుక చివరి దాకా వచ్చింది 'అయిదు' అన్న మాట. రాతి మనుషులను చూసిన భయం అటువంటిది. పళ్లు బిగించి లోపలికి నడిచాడు.

అక్కడి ఆచారం ఒకటుంది. బేరమాడేవాళ్లు ఎదురెదురుగా కూర్చుంటారు. ఇద్దరి చేతుల మీదా ఒక పట్టుగుడ్డ కప్పుతారు. ఒక వేలు నొక్కితే ఒక ఓడ, రెండు వేళ్లు నొక్కితే రెండు. చేతులు కలిసి ఉన్నంతసేపు ఒకరికొకరు హాని చేయరాదు. అన్నలిద్దరి తరఫునా ఆ గుడ్డ కింద ఉన్నది దళారి చేయి. ఇవాళ ఉన్నది సుకేతుడి చేయి.

పక్కనే ఒక కన్య తాటాకులూ గంటమూ పట్టుకుని కూర్చుంది. ఆమె వర్ణలేఖ. ఒక ద్వీపాన్ని ఏలిన రాజు కూతురు. మాంత్రికుడు ఎత్తుకొచ్చి, కాలికి సంకెల వేసి, క్రయపత్రాలు రాయిస్తున్నాడు. ఆమె రాసిన మాటకు మాంత్రికుడు కూడా కట్టుబడవలసిందే. నేల మీది హక్కులను ఆమె ఒక్కొక్కటిగా శ్రావ్యంగా చదివింది.

"నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణం, ఆగామి, సిద్ధం, సాధ్యం. ఈ ఎనిమిది భోగాలతో కూడిన నక్కలమిట్ట."

కరాళాక్షుడు గుడ్డ కింద ఒక వేలు నొక్కాడు.

సుకేతుడు ఏదో అనబోయాడు. మాట రాలేదు. ఆ మౌనాన్ని మాంత్రికుడు బింకం అనుకున్నాడు. కాసేపటికి రెండు వేళ్లు నొక్కాడు.

"మహాప్రసాదం అనవేమయ్యా? ఆ రాళ్లగుట్టకు రెండోడలా! గడ్డి మొలవదు, గాడిద నిలవదు. నీ మీద జాలిపడి ఇస్తున్నాను. ఏమో, అదీ దండగేనేమో" అంటూ చేయి వెనక్కి లాక్కోబోయాడు.

నేల మీద ఎండ గడప దాటి లోపలికి పాకింది. మధ్యాహ్నం తిరిగిపోయింది. సుకేతుడికి గుబులు పుట్టింది. ఉన్న ఒక్కగానొక్క కొనుగోలుదారు లేచిపోతే? ఆ కంగారులో, ఎవరూ చేయకూడని పొరపాటు చేశాడు. అడగకుండానే తగ్గసాగాడు.

"రాళ్లు నచ్చకపోతే పాషాణం నేను ఉంచుకుంటాను. ఆ మేరకు తగ్గించుకోండి."

"ఉంచుకో. ఒకటిన్నర ఓడ." మాంత్రికుడి చేయి వెచ్చగా, నిబ్బరంగా ఉంది.

"జలం కూడా నేనే ఉంచుకుంటాను."

"నీళ్లు ఉంటే కదా! ఉంచుకో. ఒక ఓడ."

"నిధి... పూర్వులు పాతిన బంగారం ఉంటే, అదీ నాదే."

"నీదే. అర ఓడ." చేయి ఇసుమంత కదలలేదు.

 అయిదు కావలసినచోట సుకేతుడు అర ఓడకు దిగాడు. ఏం చేస్తున్నాడో తనకే తెలియక, పెదవుల మీదికి వచ్చిన మరో మాట అనేశాడు.

"నిక్షేపం కూడా..."

గుడ్డ కింద ఆ చేయి ఒక్కసారిగా మంచుగడ్డ అయింది. మొహం మాత్రం నవ్వుతూనే ఉంది.

"అదొక్కటీ వద్దులే. పత్రంలో అందం చెడుతుంది."

వర్ణలేఖ గంటం ఆగింది. తలెత్తకుండానే, పాఠం అప్పజెప్పినట్టు అంది. "నిధి అంటే ఎవరు పాతారో తెలియనిది. నిక్షేపం అంటే ఒకరు కావాలని దాచి, మళ్లీ తీసుకోవాలనుకున్నది."

"నిన్నెవరడిగారు?" కసిరాడు మాంత్రికుడు. చేతికి చల్లని చెమట పట్టింది.

సుకేతుడు ఆ చెమటను తన వేళ్లతో తెలుసుకున్నాడు. బంగారం వద్దన్నవాడు నిక్షేపానికి ఇంత వణుకుతున్నాడంటే, అది బంగారం కన్నా ప్రియమైనదై ఉండాలి. ప్రాణం కన్నా ప్రియమైనది ఏముంటుంది? నారాయణపక్షిలా కదలకుండా కూర్చుని, నెమ్మదిగా అన్నాడు.

"అయితే మిగిలిన ఏడూ నేనే ఉంచుకుంటాను. నిక్షేపం ఒక్కటే మీకు అమ్ముతాను."

"సరే!" అన్నాడు మాంత్రికుడు. మాట పూర్తికాక ముందే మూడు వేళ్లు నొక్కాడు. అయిదు భోగాలతో అర ఓడ పలికిన మిట్టలో ఒక్క భోగం మూడోడలైంది!

"చాలదు."

నాలుగు వేళ్లు.

"చాలదు."

"పొద్దు వాలుతోంది కుర్రవాడా. శిలవైపోతావు!"

"అవుతాను. అప్పుడు మిట్ట మా నాన్నగారిది. ఆయన ఊరూరా బావులు తవ్విస్తున్నారు. రేపో మాపో ఆ మిట్ట మీదా గునపం పడుతుంది."

మాంత్రికుడి మొహం నుంచి నవ్వు రాలిపోయింది. నిజం ఏమంటే, పూర్వం మిట్ట ఎవరిదీ కానప్పుడు అతడు తన ప్రాణాన్ని ఒక చిలుకలో పెట్టి, ఆ రాళ్లలో దాచి, మంత్రముద్ర వేశాడు. నేలకు యజమాని చేతికే ఆ ముద్ర తెరుచుకుంటుంది. ఇప్పుడు యజమాని వచ్చాడు, బావులూ వచ్చాయి, భయమూ వచ్చింది.

అయిదు వేళ్లూ నొక్కాడు.

అయిదు! తండ్రి చెప్పిన అయిదు! అవుననమని కడుపు చెప్పింది, ఎండిన పొలాలు చెప్పాయి. ఎండ గోడెక్కి ఎర్రబడింది. కానీ సుకేతుడు ఆలోచించాడు. ప్రాణం చేతికి అందిన మాంత్రికుడికి ఇక భయం ఉంటుందా? పక్కనున్న ఆ మంత్రదండం ఒకసారి ఊపితే ఓడలు మళ్లీ వెనక్కి పోవా? కాళ్ల చివర చల్లగా, బరువుగా అవుతోంది. మడమలు రాయి కావడం మొదలైంది. అయినా చేయి వదలలేదు.

"నా వెల చెబుతాను, రాసుకో అమ్మా. కొట్లలోని ధాన్యమంతా మా రేవుకు చేరాలి. మా అన్నల మళ్లూ తోటా మా అన్నలకు చేరాలి. కరాళాక్షా, నీ మంత్రదండం ఇక్కడే విరగాలి. అప్పుడు నిక్షేపం నీది."

"దండమా!" అరిచాడు మాంత్రికుడు. "దానికి బదులు ఈ రాకుమారిని తీసుకుపో. అందగత్తె, చదువరి!"

"మనిషిని వెలలో కలపను. ఆమె సంకెల ఊడదీయి. ఎక్కడికి పోవాలో ఆమె చెబుతుంది."

మోకాళ్ల దాకా రాయి ఎక్కింది. ఆఖరి ఎండ కిటికీ అంచున సన్నని గీతై నిలిచింది.  అటువైపు కూర్చున్నవాడే ముందు కదిలాడు. ఎడమచేత్తో దండాన్ని మోకాలికేసి ఫెళ్లున విరిచాడు.

ఆ చప్పుడుతో సుకేతుడి కాళ్లు కాళ్లయ్యాయి. వాకిట రాతి మనుషులు ఆవులిస్తూ లేచారు. నోరు తెరిచి నిలబడ్డవాడు "మా చెరువుకు ఇంకొక ఓడైనా ఇవ్వరాదా?" అని తన ప్రశ్న పూర్తిచేశాడు. మృదుభాషి ఎటు పోయాడో ఎవరూ చూడలేదు.

వర్ణలేఖ సంకెల ఊడింది. ఆమె పాదం రుద్దుకుంటూ నిలబడింది.

"మీ ద్వీపానికి పంపించమంటారా?" అడిగాడు సుకేతుడు.

"వెళ్తాను, మా అమ్మను చూస్తాను. ఆ తరువాత ఆ మిట్ట చూడాలని ఉంది. ఇన్నిసార్లు పేరు రాశాను గాని, చూడందే ఎలా?"

ఓడలన్నీ శోణగిరి రేవుకు చేరాయి, వాటి వెంటే కరాళాక్షుడూ వచ్చాడు. చేరిన తరువాతే సుకేతుడు మిట్ట మీది బండకు చేయి ఆనించాడు. ముద్ర తెరుచుకుంది. లోపల నుంచి ఈకలు రాలిన ముసలి చిలుక బయటికి వచ్చి, వెలుగు చూసి, "ఇన్నాళ్లు ఎక్కడ చచ్చావురా?" అని మాంత్రికుణ్ణి తిట్టింది. దండం లేని కరాళాక్షుడు దాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని, గద్ద వస్తుందేమో, పిల్లి వస్తుందేమో అని చుట్టూ చూసుకుంటూ జామకాయలు వెదకడానికి పోయాడు. ఇంకెవరి జోలికీ రాలేదు.

ఆ పూట శోణగిరిలో ప్రతి ఇంటి పైనా పొగ లేచింది. అన్నలిద్దరూ తమ్ముడితో కలిసి ఒకే పంక్తిలో కూర్చున్నారు. "ఇంకొంచెం వడ్డించు" అని వీరధవళుడు అడగడం మూడేళ్లలో అదే మొదటిసారి.

ఏడాది తిరగకుండా వర్ణలేఖ వచ్చింది. మిట్టంతా కలయ తిరిగి చూసింది. "రాళ్లే" అంది. "రాళ్లే" అన్నాడు సుకేతుడు. ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ల పెళ్లి అయిదు రోజులు జరిగింది. తొలకరి పెళ్లిపందిరి మీదనే కురిసింది. ఎవరూ లేచి లోపలికి పోలేదు, తడుస్తూనే అక్షింతలు వేశారు.

సుకేతుడు రాజై చాలా ఏళ్లు ఏలాడు. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలని ఆ రాజ్యంలో చట్టమైంది. వాళ్లు పంటలకు పోయారు, మనం వంటలకు పోదాం రండి.