వాలు మీద రుబ్బురోలు

అప్పలస్వామి గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఏ ఊరికి వెళ్ళినా, దండలు పట్టుకుని ఎంతమంది ఎదురుచూస్తున్నా, జీపు దిగగానే ఆయన మనుషుల వంక చూసేవారు కారు. ముందు వంగి చక్రాల వంక చూసేవారు. దండ పట్టుకున్న పెద్దమనిషి చాచిన చేతులతో అలాగే నిలబడిపోయేవాడు. ఇరవై రెండేళ్ళు ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపి, రిటైరయ్యాక కొండ మీద నాలుగు పాకలు వేసుకుని, వచ్చినవాళ్ళకు మంచి చెబుతూ ఉండేవారాయన. కాషాయం కట్టలేదు, గడ్డం పెంచలేదు, డ్రైవరు బుద్ధి మాత్రం వదులుకోలేదు. శిష్యులమైన మాకు ఆ చక్రాల పరీక్ష నామోషీగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే మా నామోషీ మీదే నాకు నవ్వొస్తుంది.

ఆశ్రమం జీపు నడిపేది పైడిరాజు. ఒకప్పుడు అదే దారిలో సర్వీసు జీపు తోలినవాడు. తాగి తాగి ఒళ్ళు తెలియకుండా పడిపోతూ ఉంటే, చూసి చూసి విసిగిపోయి అతని భార్య నూకరత్నం పుట్టింటికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ రుబ్బురోలు కూడా బండికెత్తించుకుపోయింది. ఇక తిరిగి రానని అంతకంటే గట్టిగా చెప్పడం ఎవరి వల్లా కాదు. అప్పుడు పైడిరాజు వచ్చి గురువుగారి కాళ్ళ మీద పడ్డాడు. ఆయన మంత్రం ఇవ్వలేదు, ఉపవాసాలు చెప్పలేదు. "రోజూ సాయంత్రం నా దగ్గరికొచ్చి, ఇవాళ తాగలేదని చెప్పి వెళ్ళు" అన్నారు. మూడేళ్ళుగా పైడిరాజు పొద్దుగూకే వేళకు వచ్చి, చేతులు కట్టుకుని, "ఇవాళ తాగలేదండి" అనేవాడు. "సరే నాయనా" అనేవారాయన. వానొచ్చినా జ్వరమొచ్చినా అది తప్పలేదు.

ఆ సంగతి ఆ నోటా ఈ నోటా నూకరత్నం చెవిన పడింది. ఒక మంగళవారం మధ్యాహ్నం బస్సుకు వస్తున్నానని ఆమె కబురు పంపింది. ఆ ఉదయం పైడిరాజు సంబరం చూడాలి. జీపు రెండుసార్లు కడిగాడు. గడ్డం గీసుకుంటూ పాట పాడి చెంప కోసుకున్నాడు. చద్దన్నం ముందు పెడితే తినడం మరిచిపోయాడు. అతని హడావుడి మా అందరికీ అంటుకుంది. బయలుదేరే ముందు అతను గురువుగారి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేను అక్కడే ఉన్నాను.

"అడక్కూడదేమో గానీ అడుగుతానండి. మూడేళ్ళయింది. ఇప్పుడు నాకు దాని మీదికి మనసే పోదు, కలలోకి కూడా రాదు. ఇంకా రోజూ వచ్చి చెప్పడం దేనికండీ? ఇయ్యాల నుంచి రత్నం ఇక్కడే ఉంటాది. అది చూస్తుండగా చేతులు కట్టుకుని తాగలేదండి అంటే, దానికి ఆ పాత రోజులే గుర్తుకొస్తాయి కదండీ."

అడిగినదాంట్లో తప్పేముందనిపించింది నాకు. గురువుగారు తువ్వాలు భుజాన వేసుకుని, "బస్సొచ్చే వేళయింది. బండి తియ్యి, మేమూ వస్తాం" అన్నారు. ఇద్దరం ఎక్కాం.

బస్సు ఆగే చోటు పెద్ద వాలు. ఎక్కేటప్పుడు ఎడమ పక్కన కొండగట్టు, కుడి పక్కన లోయ, వెనక మలుపు. అలాంటి చోట బండి ఆపడానికి గురువుగారు నేర్పిన పద్ధతి ఒకటుంది. హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగాలి. బండి ముఖం ఎగువకు ఉంటే ఫస్టు గేరులో, దిగువకు ఉంటే రివర్సు గేరులో వదలాలి. ముందు చక్రాలు గట్టు వైపు తిప్పి ఉంచాలి, జారినా పోయి గట్టుకే ఆనుకుంటుంది. చివరికి దిగి, టైరుకు దిగువ పక్కన చెక్క దిమ్మ అడ్డం పెట్టాలి. ఆ దిమ్మను రోడ్డు మీదే మరిచి వెళ్ళిపోతే వెనక వచ్చేవాడి ప్రాణం మీదికొస్తుందని, దానికి తాడు కట్టి జీపుకే తగిలించి ఉంచేవారు. పైడిరాజు ఈ మూడేళ్ళలో ఇందులో ఒక్కటి కూడా మానలేదు.

ఆ రోజు మేం వెళ్ళేసరికే బస్సు వచ్చి వెళ్ళిపోయింది. నూకరత్నం, ఆమె తల్లి ఎర్నమ్మ, ఒక ట్రంకు పెట్టె, రెండు మూటలు. వాటి పక్కన, నడిరోడ్డు మీద, రుబ్బురోలు. రోలు చూడగానే పైడిరాజుకు ప్రపంచం కనబడలేదు. బండి ముఖం ఎగువకు తిప్పి ఆపి, బ్రేకు సగం లాగాడో లేదో, చక్రాలు గట్టు వైపు తిప్పకుండా, బండిని న్యూట్రల్లోనే వదిలేసి, దిమ్మ మాటే మరిచి కిందికి దూకాడు.

"వచ్చీసావా" అన్నాడు.

"రాకపోతే రోలు నడిచొస్తాదేటి?" అంది నూకరత్నం. నవ్వు దాచుకోవాలని చూసింది గానీ కుదరలేదు.

ఎర్నమ్మ అల్లుణ్ణి ఎగాదిగా చూసి, జీపెక్కి వెనక సీట్లో కూర్చుంది. గురువుగారు అలవాటు ప్రకారం టైర్ల దగ్గర వంగి ఏదో చూసి లేచారు. మేం పట్టించుకోలేదు. పైడిరాజూ నేనూ పెట్టె ఎత్తాం, మూటలు ఎత్తాం, ఆపసోపాలు పడి రోలు ఎత్తి లోపలికి తోశాం. పక్కకు జరిగి చేతులు దులుపుకుంటున్నాం.

బ్రేకు కిర్రుమంది. జీపు కదిలింది, వెనక్కి. ముసలమ్మతో, రోలుతో, కట్టుకున్నది మోసుకొచ్చిన సంసారమంతటితో అది లోయ వైపు కదిలింది. ఎర్నమ్మ "ఓలమ్మో" అని రోలును కావలించుకుంది. పైడిరాజు రెండు చేతులతో జీపు ఊచ పట్టుకుని లాగాడు, అదేదో ఆవు పలుపైనట్టు. అంతలో టక్కున చప్పుడైంది, జీపు ఆగిపోయింది. జరిగింది జానెడు దూరం.

ముందు తేరుకున్నది ఎర్నమ్మే. "తాగీసున్నాడే! నాను సెప్పినానా లేదా? రోలు దించీమను, మనం పోదాం."

నూకరత్నం ముఖంలో నవ్వు పోయింది. ఆమె తిన్నగా మొగుడి దగ్గరికి నడిచివచ్చి, "నోరు తెరు" అంది. అతను తెరిచాడు. మా అందరి ఎదుటా ఆమె వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"లేదే అమ్మా, తాగలేదు" అని, అతని వైపు తిరిగి, "మరి బండెందుకు జారింది?" అంది.

"నిన్ను చూసిన సంతోషంలో మర్చిపోనాను. మూడేళ్ళలో ఒక్కసారి కూడా జారలేదు, ఇక జారదులే అని..." అంటూ అంటూ పైడిరాజు మాట సగంలో ఆపేశాడు. మెల్లగా గురువుగారి వైపు తల తిప్పాడు.

నేను వంగి టైరు కింద చూశాను. చెక్క దిమ్మ ఉంది. మామూలుగా గురువుగారు దిమ్మ పెడితే దానికీ టైరుకూ మధ్య అగ్గిపుల్ల దూరదు. మట్టిలో టైరు జారిన గుర్తు కొలిచి చూశాను, సరిగ్గా జానెడు. ఆయన మీద నాకు కోపం వచ్చిందని చెప్పడానికి సిగ్గుపడను. ఒకడి కాపురం నిలబడే రోజున చెయ్యాల్సిన పనా ఇది? "ఈ దూరం మీరు పెట్టిందేనా?" అని అడిగేశాను. ఆయన అరచేతుల దుమ్ము తువ్వాలుకు తుడుచుకుంటూ, "ఆ తాడు నలిగినట్టుంది, చూడు" అన్నారు.

"రోలు దించొద్దు" అంది నూకరత్నం. "ముందు బండిని ఎలా నిలబెట్టాలో అలా నిలబెట్టు. నేను చూస్తాను. చూశాకే ఎక్కుతాను."

పైడిరాజు జీపెక్కి బ్రేకు చివరిదాకా లాగాడు. ఫస్టు గేరు వేశాడు. చక్రాలు గట్టు వైపు తిప్పాడు. దిగి, దిమ్మను టైరుకు ఆనించి కాలితో తన్ని చూశాడు. నూకరత్నం చుట్టూ తిరిగి ఒక్కొక్కటే చూసి, తల్లి పక్కన ఎక్కి కూర్చుంది. దారంతా ఎర్నమ్మ గొణుగుతూనే ఉంది గానీ, రోలు మీంచి చెయ్యి తియ్యలేదు.

సాయంత్రం పైడిరాజు పాకలోంచి రోట్లో పొత్రం తిరుగుతున్న చప్పుడు వినిపించింది. మూడేళ్ళ తరవాత అతని ఇంట్లో మినప్పిండి రుబ్బుతున్నారు. మాకందరికీ ఒళ్ళు పులకరించింది. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగింది. పైడిరాజు వాకిట్లోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనకాలే నూకరత్నం, పిండి చేతులతో. అతను ఒక్కసారి ఆమె వైపు చూసి, గురువుగారి వైపు తిరిగాడు.

"ఇవాళ తాగలేదండి."

"సరే నాయనా."

నూకరత్నం కళ్ళు తుడుచుకోబోయి చెంపకు పిండి పూసుకుంది. "ఇంకా ఎన్నాళ్ళు చెప్పాలండి ఇలాగ?" అని అడిగింది.

గురువుగారు వాకిట్లోంచి కిందికి దిగిపోతున్న రోడ్డు వంక చూశారు.

"ఆ వాలు ఇంకా ఎన్నాళ్ళుంటుందో కనుక్కో తల్లీ, అప్పుడు చెబుతాను."